మెట్టె కింద భాస్వరం

పోయిన వారం వైశాలిని ల్యాబ్ గుమ్మం దగ్గర, ఎర్ర గీతకు లోపల, ఒంటికాలి మీద నిలబెట్టి వదిలేశాం. పాపం, ఇంకా అక్కడే ఉంది. గేటు బయట కారులో భర్త క్రాంతి ఎదురుచూస్తున్నాడు. సాయంత్రం ఇందిరాపురంలో స్కానింగ్ ఉంది. ఐదో నెల స్కాన్, బిడ్డ అవయవాలన్నీ సరిగ్గా ఏర్పడ్డాయో లేదో చూసేది. ఇంతకు ముందు రెండుసార్లు కడుపు పోయిన మనిషికి ఆ స్కాన్ అంటే ఏమిటో నేను చెప్పక్కర్లేదు. సరిగ్గా బయల్దేరబోయే సమయానికి, చేతిలోని రేడియేషన్ కౌంటర్ ఆమె ఎడమ పాదం దగ్గరకు రాగానే కాగిన నూనెలో ఆవాలు వేసినట్టు చిటపటలాడింది.

నిజానికి మామూలు రోజైతే అది బయటపడేదే కాదు. ఆ ల్యాబ్‌లో ఒక అలవాటుంది. లోపల తిరిగే రబ్బరు చెప్పులు గీతకు ఇవతలే విడిచి, బయటి బూట్లు తొడుక్కుని, ఆ తర్వాత చేతులకూ బూట్లకూ కౌంటర్ పెట్టి చూసుకుంటారు. ముందు కాళ్లు చూసుకుని తర్వాత బూట్లు వేసుకోవాలని గోడ మీద రాసే ఉంది. కానీ ఇంటికెళ్లే తొందరలో ఉన్న మనిషికి గోడలు కనిపించవు. ఆవేళ వైశాలి పాదాలు ఉబ్బి బూట్లు ఎక్కలేదు. సరేలే, ముందు చూసేసుకుని తర్వాత ఎలాగో దూరుద్దాం అనుకుని ఉత్త కాలికే కౌంటర్ పెట్టింది. దాంతో దొరికిపోయింది.

కాలికి రేడియేషన్ సరుకు అంటిన మనిషి గీత దాటకూడదు. సేఫ్టీ ఆఫీసరు వచ్చి చూసి, పొమ్మంటేనే పోవాలి. కాబట్టి సేఫ్టీ ఆఫీసరు ఛాయాదేవి వచ్చేదాకా వైశాలి ఆ గదిలో బందీ. క్రాంతి రెండుసార్లు ఫోన్ చేశాడు. చిన్న మీటింగ్ ఉంది, వచ్చేస్తున్నానని రెండుసార్లూ అబద్ధం చెప్పింది. అదేం కొత్త కాదు లెండి. నెల తప్పిందని తెలిసిన రోజునే ల్యాబ్ పని మానేసి కంప్యూటర్ ముందు కూర్చుంటున్నానని చెప్పి, నాలుగు నెలలుగా అదే అబద్ధం మీద కాపురం చేస్తోంది.

ఇంతకీ ఆ గదిలో జరిగేది బాంబుల పనేం కాదు, ఎరువుల పని. పొలంలో చల్లిన డీఏపీలో గోధుమ మొక్క తిన్నదెంత, మట్టిలో చిక్కుబడిపోయిందెంత అన్నది తేల్చాలి. మొక్కను అడిగితే చెప్పదు కదా. అందుకని ఎరువులో గుర్తు పెట్టిన భాస్వరం కాస్త కలుపుతారు. మన ఎముకల్లో, పళ్లలో, అగ్గిపెట్టె పక్కన ఉండే మామూలు భాస్వరాన్ని ముప్పై ఒకటి అంటారు. అందులో ఒక న్యూట్రాన్ ఎక్కువైతే ముప్పై రెండు, రెండు ఎక్కువైతే ముప్పై మూడు. ఈ రెండూ నిలకడ లేనివి. కిరణాలు విడుస్తూ మెల్లగా గంధకంగా మారిపోతాయి. మొక్క నోటికి మూడూ ఒకటే రుచి. తేడా తెలిసేది కౌంటర్‌కే.

ముప్పై రెండుకు దూకుడెక్కువ. రెండు వారాలకల్లా సగమైపోతుంది. రక్తం మరీ చిక్కబడే జబ్బుకు ఒకప్పుడు డాక్టర్లు దాన్ని మందుగా కూడా ఇచ్చేవారు. ముప్పై మూడు మెతకది. సగం కావడానికి మూడున్నర వారాలు తీసుకుంటుంది. దాంతో మొక్క వేళ్లకు ఫొటో తీస్తే వెంట్రుకంత వేరు కూడా స్పష్టంగా పడుతుంది. వైశాలి ప్రయోగాలన్నీ ముప్పై రెండుతోనే, అదీ మందపాటి యాక్రిలిక్ ప్లాస్టిక్ పలక వెనక నిలబడి. పలక సీసంది అయితే ఇంకా గట్టి కదా అని కొత్తగా చేరిన ప్రతివాళ్లూ అడుగుతారు. ఆ కిరణాలు సీసానికి తగిలితే ఎక్స్‌రేలు పుడతాయని ప్రతివాళ్లకూ ఆమే ఓపిగ్గా చెబుతుంది. జాగ్రత్త విషయంలో ఆమెకు వంక పెట్టలేం. వేళ్లకు ఉంగరాలుండవు, చేతికి గాజులుండవు, కోటు మీద రేడియేషన్ కొలిచే బ్యాడ్జి ఎప్పుడూ ఉంటుంది. మూడు నెలలకోసారి ఆ బ్యాడ్జి రిపోర్టులో సున్నా వస్తుంది. ఆ సున్నాను చూసుకునే నాలుగు నెలలుగా నిద్రపోతోంది.

ఛాయాదేవి వరంగల్ మనిషి. ఢిల్లీకి వచ్చి ముప్పై ఏళ్లు కావస్తున్నా, సరోజినీ నగర్ క్వార్టర్స్‌లో అంతమంది పంజాబీల మధ్య ఉంటున్నా మాటలో యాస అంగుళం కూడా కదల్లేదు. నవ్వడం మాత్రం ఎక్కడో పారేసుకుంది. వస్తూనే వైశాలిని స్టూలు మీద కూర్చోబెట్టి, చేతులకు గ్లవ్స్ తొడుక్కుని, గోరువెచ్చని నీళ్లూ సబ్బూ పెట్టి ఆ పాదాన్ని తానే కడగడం మొదలుపెట్టింది. ల్యాబ్ హెడ్ డాక్టర్ రంగనాథ్ పక్కనే నిలబడి, ఏం ఫర్వాలేదమ్మా, చిన్న చుక్క పడి ఉంటుంది, అంటూ ధైర్యం చెబుతున్నాడు. కాకినాడ ఆయన. ఉగాది నాడు మయూర్ విహార్‌లోని ఇంటి నుంచి డబ్బా నిండా పచ్చడి తెచ్చి చౌకీదారుతో సహా అందరికీ పంచే రకం. ఢిల్లీలో తనకో పుట్టిల్లు ఉందంటే అది సారేనని వైశాలి చాలాసార్లు అనుకుంది.

ఒకసారి కడిగి చూస్తే మోత తగ్గింది. ఇంకోసారి కడిగితే మడమా అరికాలూ శుభ్రమయ్యాయి. రెండో వేలి దగ్గర మాత్రం కౌంటర్ మొండిగా అరుస్తూనే ఉంది. ఛాయాదేవి ఒంగి చూసింది. ఆ వేలికి వెండి మెట్టె ఉంది. గాజుల గురించీ ఉంగరాల గురించీ ఇంత రాసిన రూల్సులో మెట్టెల ఊసే లేదు. ఆ రూల్సు రాసినవాళ్లకు కాళ్లకు కూడా నగలుంటాయని తట్టినట్టు లేదు. చూసి చూసి తెలుగు ఆడవాళ్లు కూడా దాన్ని నగల లెక్కలో వేసుకోలేదు. పెళ్లినాడు పెట్టింది ఒంట్లో భాగమైపోతుంది, అంతే.

"మెట్టె తియ్యి," అంది ఛాయాదేవి.

వైశాలి లాగింది. రాలేదు. మామూలుగా అయితే వదులై జారిపోతూ ఉండేదే, కుడి కాలిది అలాగే ఎప్పుడో జారి పోయింది. సబ్బు రాసి తిప్పింది. ఛాయాదేవి కూడా లాగి చూసింది. వేలు ఎర్రబడిందే తప్ప మెట్టె కదల్లేదు. అప్పుడామె లాగడం ఆపి, వైశాలి కాలిని పరీక్షగా చూసి, మోకాలి కింద ముందెముక మీద బొటనవేలితో గట్టిగా ఒక్క నొక్కు నొక్కింది. వేలు తీసినా అక్కడ పడ్డ గుంట పూడలేదు. ఇద్దరు పిల్లల్ని కన్న ఆడదానికి ఆ గుంట చాలు. తలెత్తి వైశాలి ముఖంలోకీ, వదులుగా వేలాడుతున్న తెల్లకోటు వైపూ చూసింది. రంగనాథ్‌ను కాసేపు బయట ఉండమని చెప్పి తలుపు వేయించింది.

"ఎన్నో నెల?"

"ఐదు, మేడమ్."

"కడుపుతోని ఉన్నోళ్లు ముందుగాల నాకు చెప్పాలె. ఆ క్లాసు చెప్పింది నేనే. నువ్వు ముందు బెంచీల కూసొని రాసుకున్నవ్."

వైశాలికి ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. అన్నాళ్లుగా లోపల అణిచిపెట్టుకున్నదంతా ఒక్కసారిగా పైకి వచ్చింది. "నా పక్క బల్ల శరణ్య తన కడుపు సంగతి చెప్పింది కదా మేడమ్. రూల్ ప్రకారం మొదటి నెలలోనే చెప్పింది. డెస్క్ మీద కూర్చోబెట్టారు. ఏడాది చివర ప్రయోగాలేం చేయలేదు కాబట్టి రెన్యూవల్ లేదన్నారు. అప్పుడు మీరేం మాట్లాడారు?"

కాంట్రాక్టు మనుషుల రెన్యూవల్ ఛాయాదేవి చేతిలో లేదు. కానీ అది తేల్చిన మీటింగులో ఆమె కూడా కూర్చుంది, టీ తాగింది, లేచి వచ్చేసింది. తలొంచుకుని ఇంకోసారి ఆ వేలు కడగసాగింది. వైశాలి మెల్లగా, తన కాంట్రాక్టు కూడా వచ్చే నెలే తేలాలని, అది అయ్యాక చెబుదామనే ఆగానని, బ్యాడ్జిలో సున్నా వస్తోంది కాబట్టి ఫర్వాలేదనుకున్నానని చెప్పింది. సున్నా అన్న మాట దగ్గర ఛాయాదేవి చెయ్యి ఆగింది.

బిడ్డకు ఎంత తగిలి ఉంటుందో లెక్క కట్టాలంటే అంటింది ఏదో ముందు తెలియాలి. ఛాయాదేవి బల్ల మీద ఉన్న పలచని ప్లాస్టిక్ ఫైలు కవరు తీసుకుంది. కాగితాలు దులిపేసి, కవరును మడిచి వైశాలి వేలి మీద కప్పి, పైన కౌంటర్ పట్టింది. ముప్పై రెండైతే అలాంటి కవరును లెక్కే చేయదు, చిటపటలాడుతూనే ఉంటుంది. కౌంటర్ నోరు మూసుకుంది. కవరు తీస్తే అరిచింది. మళ్లీ కప్పితే ఊరుకుంది. ఆ గదిలో చదువుకున్న ఏ మనిషికైనా దాని అర్థం తెలుసు.

"ముప్పై మూడు," అంది వైశాలి. "నేను దాన్ని ముట్టుకోనే లేదు మేడమ్."

ముట్టుకునే వీలు కూడా లేదు. ముప్పై మూడు ఉన్న ఫ్రీజర్ తాళంచెవి ఒక్క రంగనాథ్ దగ్గరే ఉంటుంది. మొక్కల వేళ్ల ఫొటోల ప్రయోగం ఆయన సొంతది, ఆదివారాలు ఒక్కడే వచ్చి చేసుకుంటాడు. తప్పు తనది కాదని తేలిన ఆ క్షణంలో వైశాలికి ప్రాణం లేచొచ్చింది. మెతక కిరణం, కాలి చర్మం దాటి పొట్ట దాకా పోలేదు. అదే మాట అంది కూడా. ఛాయాదేవి మాత్రం తేలికపడలేదు.

"కాలి మీంచి పోదు. నిజమే. కానీ నీ బ్యాడ్జికి అది కనవడదు వైశాలీ. ముప్పై రెండుకే అది పనికొస్తది. దీనికి వెయ్యేండ్లు పెట్టుకున్నా సున్నానే చూపిస్తది." ఆగి, గొంతు తగ్గించింది. "చేత్తోని కాలు గోక్కుంటవ్. అదే చేత్తోని తింటవ్. లోపలికి పోయిందంటే భాస్వరం యాడికి పోతదో నీకు తెలుసు. బిడ్డకు ఇప్పుడే గద ఎముకలు కట్టేది."

వైశాలి రెండు చేతులతో పొట్ట పట్టుకుంది. ఐదేళ్లుగా తను మొక్కల గురించి రాసిందంతా ఒక్కసారి గుర్తొచ్చింది. పెరిగే చోటికే భాస్వరం పరుగెడుతుంది, లేత చివుళ్లకే ముందు చేరుతుంది అని ఎంత మురిసిపోతూ రాసుకుందో.

ఛాయాదేవి తలుపు తీసి రంగనాథ్‌ను పిలిచింది. ఆయన కవరునూ కౌంటర్‌నూ చూశాడు. ఎవరూ ఏమీ అడగక ముందే కుర్చీలో కూలబడ్డాడు. పోయిన నెల ఒక ఆదివారం సింకు దగ్గర సీసా చేజారిందట. తుడిచాడట, కడిగాడట, ఎంత చేసినా గచ్చు పగుళ్లలో కాస్త మిగిలిందట. రెండు మూడు నెలల్లో దానంతట అదే తగ్గిపోతుందిలే అనుకుని దాని మీద రబ్బరు మ్యాట్ పరిచాడట. మ్యాట్ పరిస్తే పై నుంచి కౌంటర్‌కు దొరకదు. ల్యాబ్ లైసెన్సు పొడిగించే సమయం, తనకా రిటైర్మెంటుకు ఏడాదే ఉంది. ఎవరికి మాత్రం చెప్పగలను అని వాళ్లనే అడిగాడు.

ఆ మ్యాట్ మీదే వైశాలి రోజూ సాయంత్రం నిలబడి గాజు సామానంతా కడుగుతుంది. నీళ్లు మ్యాట్ కిందికి పోతాయి, మళ్లీ పైకి వస్తాయి, చెప్పులు తడుస్తాయి, కాళ్లు తడుస్తాయి. బురద కుండీలతో పని కాబట్టి అందరూ వేసుకునేవి వేళ్లు కనబడే చెప్పులే. సార్ రోజూ అటు వెళ్తూ ఇటు వెళ్తూ ఆమె అక్కడ నిలబడటం చూస్తూనే ఉన్నాడు. భోంచేశావా అమ్మా అని అడుగుతూనే ఉన్నాడు. దాన్ని మాత్రం వైశాలి క్షమించలేకపోయింది.

"నేను కడుపుతో ఉన్నాను సార్," అంది.

ఆయన ముఖం పాలిపోయింది. నిజంగానే బాధపడ్డాడు, అందులో నటన లేదు. కానీ బాధపడ్డ మనిషి వెంటనే బుర్ర కూడా వాడాడు. లేచి వచ్చి ఆమె ముందు మోకాళ్ల మీద కూర్చున్నంత పని చేశాడు.

"చూడమ్మా, నామాట విను. ముప్పై రెండు, చిన్న చుక్క, నీ బల్ల దగ్గరే పడిందందాం. నీ మీద ఏ చర్యా ఉండదు, నాదీ పూచీ. నీ రెన్యూవల్ మూడేళ్లకి ఇప్పుడే సంతకం పెట్టి ఇస్తాను. కడుపు సంగతి ఎవరికీ తెలియక్కర్లేదు. అసలిది రాశామా, రేపే ల్యాబ్‌కి సీలేస్తారు. నీ ప్రయోగం, నీ థీసిస్, అందరి ఉద్యోగాలూ పోతాయి."

ఆయన చెప్పిందంతా నిజమే. అదే ఆ బేరంలోని దారుణం. ముప్పై రెండు అని రాస్తే ముప్పై మూడు కోసం ఎవరూ వెతకరు, ఒంట్లోకి పోయిందేమో తేల్చే మూత్రపరీక్షలు ఉండవు. వైశాలి నడుచుకుంటూ బయటికి వెళ్లి కారెక్కి స్కానింగ్‌కు పోవచ్చు. క్రాంతికి అబద్ధం తెలియదు. ఉద్యోగం నిలబడుతుంది. కానీ బిడ్డ ఒంట్లోకి ఏం పోయిందో జీవితాంతం తెలియదు. నిజం రాయిస్తే బిడ్డ సంగతి తెలుస్తుంది, మిగతావన్నీ పోతాయి, వాటిలో కాపురం కూడా ఉండొచ్చు. నేనేదో ఆవిడ వెంటనే న్యాయం వైపు నిలబడిందని రాయొచ్చు గానీ, అలా జరగలేదు. సరే సార్ అనడానికి నోరు తెరిచింది కూడా.

ఛాయాదేవి అడ్డుపడలేదు. ఏది చెప్తే అది రాస్తా, బిడ్డ నీది, అంది. ఈసారి నేను మాట్లాడకుండా లేచిపోను, అని మాత్రం కలిపింది. తర్వాత కట్టర్ తెచ్చి మెట్టెను మధ్యలో తుంచింది. వెండి విడిపోయి ట్రేలో పడింది. దాని లోపలి వైపు కౌంటర్ పెడితే ఆ మోత విని రంగనాథ్ కూడా వెనక్కి తగ్గాడు. వారాల తరబడి పేరుకున్నదంతా అక్కడే ఉంది.

"ఇంట్ల చెప్పులేసుకుంటవా?" అని అడిగింది ఛాయాదేవి, ట్రే మీద మూత పెడుతూ.

లేదంది వైశాలి. ఎవరేసుకుంటారు?

"ఇంట్ల ఎవరెవరుంటరు?"

క్రాంతి, తను. పోయిన వారం నుంచి ఆడపడుచు ఉమ కూడా ఉంది, రాజమండ్రి నుంచి కొడుకును తీసుకుని వచ్చింది. వాడి పేరు దీపు, పదో నెల. ఈ మాటలు చెబుతూనే వైశాలి ఆగిపోయింది. ఇల్లంతా పాకుతాడు వాడు. ఏ మూల ఉన్నా అత్త సోఫాలో కూర్చుందంటే చాలు, గబగబా వచ్చి ఆమె కాళ్ల మీద వాలి, తళతళలాడే ఆ మెట్టెను పట్టుకుని పీకుతాడు. అది ఊడి రాదు కాబట్టి వంగి నోట్లో పెట్టుకుంటాడు. పళ్లు వస్తున్నాయి వాడికి. చూడు వదినా, వీడికి నీ కాలే దొరికింది, అని ఉమ పడీపడీ నవ్వుతుంది. తనూ నవ్వేది.

"ముప్పై మూడనే రాయండి మేడమ్," అంది వైశాలి. "సింకు దగ్గర అని రాయండి. నాకు ఐదో నెలని కూడా రాయండి."

రంగనాథ్ ఏదో అనబోయాడు. ఆమె ఆయన వైపు చూడలేదు. ఫోన్ తీసి క్రాంతికి తనే చేయబోయింది. అంతలో కారిడార్‌లోంచి మాటలు వినిపించాయి. ఎంతసేపటికీ రాకపోయేసరికి క్రాంతి గార్డును బతిమాలుకుని లోపలికి వచ్చేశాడు. స్కానింగ్ అయ్యాక అందరం బయటే తినేసి పోదామని ఉమనూ పిల్లవాణ్నీ వెంట తెచ్చాడట. ఛాయాదేవి తలుపు తీసింది. ఎర్ర గీతకు అవతల ముగ్గురూ నిలబడి ఉన్నారు. అత్తను చూడగానే దీపు తల్లి చంకలోంచి రెండు చేతులూ చాచి ముందుకు ఉరికాడు.

"వాణ్ని నా దగ్గరికి తేవద్దు ఉమా," అంది వైశాలి. "క్రాంతీ, నేను ల్యాబ్ పని మానలేదు. ఈ నాలుగు నెలలూ ఇక్కడే ఉన్నాను. నా కాలికి అంటింది. ఎన్నాళ్లుగానో తెలియదు."

క్రాంతి ముందు నవ్వబోయాడు. తర్వాత ఆమె ఉత్త కాళ్లనూ, గ్లవ్స్ వేసుకున్న ఛాయాదేవినీ, తలెత్తని రంగనాథ్‌నూ చూశాడు. అతని ముఖంలోంచి నవ్వు పోయి, దాని చోట ఏమీ రాలేదు. తిట్టినా బాగుండునని వైశాలి అనుకుంది.

ఛాయాదేవి వాళ్లిద్దరి మాటల కోసం ఆగలేదు. కౌంటర్ తీసుకుని గీత దాటి వెళ్లింది. ఉమ బెదిరిపోయి పిల్లవాణ్ని గట్టిగా పట్టుకుంది. ఏం గాదు బిడ్డా, అంటూ ఛాయాదేవి వాడి గుప్పిటకు దగ్గరగా పట్టి చూసింది, తర్వాత గడ్డం దగ్గర, తర్వాత చొంగతో తడిసిన చొక్కా దగ్గర. అక్కడ కౌంటర్ చిటపటమంటే ఆపి, రెండోసారి చూసింది. అప్పుడు కౌంటర్ కట్టేసింది.

"అందరు లోపలికి రండ్రి," అంది. తలుపు మూసి గడియ పెట్టింది. "ఎవ్వరు ఇంటికి పోయేది లేదు."